డేగగారి గిటారు

మా బావ ఎవరినీ నమ్మడు. ఇది చాటుగా చెప్పే మాట కాదు, ఆయన ముందే ఎన్నోసార్లు అన్నాను. ఇంటికి తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. మొదటిసారి లాగిన మనిషి మీద కూడా ఆయనకి పూర్తి నమ్మకం లేదన్నమాట. గోడ గడియారం చూసి, పక్కవాళ్ళని టైమెంతని అడుగుతాడు. ఒకసారి నేను చొక్కా కుట్టి ఇస్తే బాగుందనే ముందు దాన్ని తిరగేసి కుట్లు లాగి చూశాడు. కుట్టుపని నా బతుకుతెరువు. ఆ రోజు వచ్చిన కోపానికి ఆ చొక్కా ఆయన ఒంటి మీద ఉండగానే గుండీలన్నీ పీకేద్దామనిపించింది.

ఆయన ఉద్యోగమే అలాంటిది మరి. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే చెకింగ్ ఇన్‌స్పెక్టరు. ఎక్కడో ఒక స్టాపులో వెనక తలుపు నుంచి ఎక్కుతాడు. నోటితో ఒక్క మాట అనడు. చేతిలో ఉన్న, టికెట్లకి చిల్లు పెట్టే పంచ్‌తో ఇనప కడ్డీ మీద రెండు దెబ్బలు కొడతాడు, టక్ టక్ అని. అంతే, బస్సులో ఉన్నవాళ్ళందరి చేతులూ జేబుల్లోకి, సంచుల్లోకి, రవికెల్లోకి పోతాయి. బావ ఎవరి మొహమూ చూడడు. చేతులు చూస్తాడు. "మొహం అబద్ధం నేర్చుకుంటుంది మరదలా. చేతులకి ఇంకా ఆ తెలివి రాలేదు" అంటాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన చెప్పిన మాటల్లో ఒప్పుకోదగ్గది నాకిదొక్కటే కనిపించింది.

డిపోలో ఆయన్ని డేగ అంటారు. ఎదురుగా సార్ అంటారు, మలుపు తిరిగాక డేగ. ప్రయాణికులు దొరికిపోతే కండక్టరుకీ చీవాట్లు తప్పవు కాబట్టి కండక్టర్లకి ఆయనంటే ఇంకా మంట. ఒకసారి మర్చిపోయిన క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళి నేను స్వయంగా చూశాను. భోజనాల హాలులో పొడవాటి బల్లలు, ఒక్కో బల్ల చుట్టూ ఇరుక్కుని కూర్చున్న మనుషులు, నవ్వులు, ఒకళ్ళ గిన్నెలో ఒకళ్ళ చేతులు. కిటికీ పక్క బల్ల దగ్గర మాత్రం బావ, ఆయనకెదురుగా ఒక పెద్దాయన. మిగతా కుర్చీలన్నీ పక్క బల్లల వాళ్ళు లాక్కుపోయారు. ఆ పెద్దాయన డ్రైవరు, అందరూ ఆయన్ని నిదానం అని పిలుస్తారు. బస్సూ నిదానంగానే నడుపుతాడు, ముద్దా నిదానంగానే నములుతాడు. ఆ రోజు ఆ బల్ల చూసి నాకు బావ మీద మొదటిసారి జాలేసింది. క్యారియర్ అందుకోగానే ఆయన నన్ను, దారిలో ఎక్కడైనా తెరిచావా అని అడిగాడు, ఆ జాలి కాస్తా అక్కడితో సరి.

నేను అక్కావాళ్ళ ఇంట్లోనే ముందు గదిలో మిషను పెట్టుకుని బట్టలకి రిపేర్లు చేస్తాను. జిప్పులు, అంచు మడతలు, నడుము బిగించడం, వదులు చేయడం. పెళ్ళి చేసుకోలేదు. నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాడి మీదా బావకి ఏదో ఒక అనుమానం ఉండేది. తర్వాత వాకబు చేస్తే అందులో సగం నిజమని తేలింది, నా కోపం అందుకే ఇంకా ఎక్కువ.

ఇలాంటి మనిషి మీద అనుమానపడే రోజు మాకూ వచ్చింది.

ఆయన యూనిఫారం ప్యాంటు జిప్పు పళ్ళు ఊడితే మార్చమని అక్క నా దగ్గర పడేసింది. ఏ బట్ట అయినా మిషను కింద పెట్టే ముందు జేబులు చూడడం నా అలవాటు, సూది విరుగుతుందని. వెనక జేబులో చిన్న ప్లాస్టిక్ ముక్క దొరికింది. కాలర్‌లో పెట్టే బద్ద అనుకున్నాను. కానీ ఆ బద్ద పొడుగ్గా, కోసుగా ఉంటుంది. ఇది మూడు మూలలది, మూలలు గుండ్రంగా అరిగి, గోధుమ రంగులో నిగనిగలాడుతోంది. అక్కని పిలిచి చూపించాను.

"ఏంటే ఇది?" అంది అక్క.

"నాకేం తెలుసు? బట్టల్లో వాడేది మాత్రం కాదు."

అక్క దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. "ఆడవాళ్ళ చెవులకి పెట్టుకునేదేమో."

"ఒక్కటే ఉందిగా."

"రెండోది చెవికే ఉందేమో" అంది అక్క. నవ్వకుండా అంది. దాంతో నాకూ నవ్వు రాలేదు.

అప్పటిదాకా లోపల దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటపెట్టింది. వారంలో రెండు సాయంత్రాలు డ్యూటీ ముగిసినా ఇంటికి రావడం లేదట. ఎడమ చేతి గోళ్ళు మాత్రం రోజూ కత్తిరించుకుంటున్నాడట, కుడి చేతివి ఎలా ఉన్నా పట్టించుకోవడం లేదట. ఆ ఎడమ చేతి వేళ్ళ చివర్లు కాయలు కాశాయట. "ఏ పని చేస్తే ఒక్క చేతి వేళ్ళకే కాయలు కాస్తాయే?" అని నన్నడిగింది. నేను నా వేళ్ళు చూసుకున్నాను. కుట్టుపనిలో సూది గుచ్చుకునేది కూడా ఒక్క చేతికే. కానీ బావ చాటుగా ఎవరి బట్టలు కుడతాడు?

ఒంట్లో బాగాలేక ఆసుపత్రికి వెళ్తున్నాడేమోనన్నాను. ఆసుపత్రికి వెళ్ళేవాడు ఈల వేసుకుంటూ ఇంటికి రాడని అక్క అంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. ఇక్కడ పొగ కళ్ళు మండేటంత వచ్చేసింది, నిప్పు ఎక్కడుందో మాత్రం తెలియలేదు. ముక్కని చేతికందిన జేబులో పెట్టి ప్యాంటు ఇచ్చేశాను. మర్నాటి నుంచి బావ తన ప్యాంట్లు తనే మడతపెట్టుకుని బీరువాలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ మిగతా ఇద్దరి మీద అనుమానం. కూర గిన్నె అందించుకునేటప్పుడు కూడా ఒకళ్ళ చేతులు ఒకళ్ళం చూసుకునేవాళ్ళం.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈయన దొంగల్ని పట్టే ఇంటి దొంగ. మనవల్ల అవుతుందా?" అంది అక్క.

"ఈశ్వరుడికి వేరే పనులున్నాయి. మనకి ఇదొక్కటేగా" అన్నాను నేను.

ఆ శుక్రవారం సాయంత్రం డిపో ఎదుట మందుల షాపులో నిలబడి, ఆయన ఎక్కిన బస్సు వెనకాలే వచ్చిన బస్సు ఎక్కాం. ఎక్కగానే ముందు టికెట్లు కొనుక్కున్నాం. ఆయన్ని పట్టుకోబోయి మరో చెకింగ్ ఆయనకి దొరికితే ఇంతకన్నా అప్రతిష్ఠ ఉండదు. దారంతా ఇద్దరం ఆ టికెట్లు గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాం. అవి చెమటకి తడిసి మెత్తబడిపోయాయి.

బావ దిగింది టైర్ల షాపు దగ్గర. పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కి తలుపు తట్టాడు. తలుపు తీసింది ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయి, జుట్టు ముడేసుకుని, నవ్వుతూ. బావ కూడా నవ్వాడు. బావకి నవ్వడం వచ్చని నాకప్పుడే తెలిసింది. తలుపు మూసుకుంది.

అక్క అక్కడున్న పాత టైర్ల దొంతర మీద కూలబడింది. "పద పోదాం. చూసింది చాలు."

"సగం చూసి పోతే మిగతా సగం మనమే అల్లుకుంటాం. లే" అన్నాను. నాకు కోపం వస్తే కాళ్ళు ఆగవు. రెండేసి మెట్లు ఎక్కాను. అక్క నా వెనకాలే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

తలుపు అవతల నుంచి ఒక చప్పుడు వినిపించింది. టింగ్. టింగ్. తర్వాత తీగ ఎక్కడో పట్టుకుపోయినట్టు ఠప్. మళ్ళీ టింగ్. తోసి చూస్తే తలుపు తెరుచుకుంది. బావ పొట్టి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో గిటారు, పళ్ళ మధ్య నాలుక చివర. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి, మాకు వీపు చూపిస్తూ కూర్చుని ఉంది. బావ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి మమ్మల్ని చూశాడు. చూసి, ఆయన మొదట అన్న మాట ఇది:

"జేబు చూసింది నువ్వేగా? పిక్ వెనక జేబులోంచి ముందు జేబులోకి మారినప్పుడే అనుకున్నాను."

ఆ మూడు మూలల ముక్కని పిక్ అంటారట, దాంతో తీగలు మీటుతారట. అమ్మాయి లేచి, "రండి పిన్నీ, కూర్చోండి. నేను నిదానం డ్రైవరుగారి అమ్మాయిని. బాబాయ్ నా దగ్గర నేర్చుకుంటున్నారు" అంది. పిన్నీ అనే ఒక్క పిలుపుతో అక్క మొహంలో పోయిన రక్తం తిరిగొచ్చింది. నాకు మాత్రం వచ్చిన కోపం ఎవరి మీద దించాలో తెలియక అక్కడున్న మంచినీళ్ళ చెంబు ఎత్తి గటగటా తాగేశాను.

గిటారు ఎక్కడిదంటే, ఎవరో బస్సులో మర్చిపోయిందట. అది దొరికిన రోజు బావ చేసిన మొదటి పని ఏంటో చెప్పక్కర్లేదు. ఊపి చూశాడు, మధ్య రంధ్రంలోకి టార్చి వేసి చూశాడు, లోపల ఏదో దాచారని. ఏమీ లేదు. ఊపుతున్నప్పుడు వేలు తగిలి ఒక తీగ మోగిందట. ఆ మోత చాలాసేపు ఆగలేదట. ఏడాది దాటినా దానికోసం ఎవరూ రాలేదు. పోయిన వస్తువుల గది ఖాళీ చేసే రోజున, కావలసినవాళ్ళు తీసుకోవచ్చంటే, గొడుగుల మీదా టిఫిన్ డబ్బాల మీదా అందరూ పడ్డారు. బావ గిటారు తీసుకున్నాడు.

"ఇంట్లో చెప్తే ఏం పోయిందండీ?" అంది అక్క.

"నవ్వుతారని."

"ఇప్పుడు నవ్వుతున్నామా?"

బావ మా ఇద్దరి మొహాలూ చూడలేదు, చేతులు చూశాడు. అక్క చేతిలో ఇంకా ఆ తడిసిన టికెట్టు ఉంది. "టికెట్టు కొనే వచ్చారుగా" అన్నాడు. అది ఆయన భాషలో మెచ్చుకోలు.

ఒక్కసారి వాయించండి అని అక్క అడిగింది. బావ పిక్ పట్టుకున్నాడు. వేళ్ళు కర్రల్లా అయిపోయాయి. మెడ మీద చెమట కారింది. ఒక్క తీగా సరిగ్గా పలకలేదు. అమ్మాయి మెల్లగా, "బాబాయ్‌కి పాఠం బాగానే వచ్చు పిన్నీ. కానీ ఎవరైనా చూస్తే వాయించలేరు. అందుకే నేను గోడవైపు తిరిగి చెప్తాను" అంది. గోడతో మాట్లాడి పాఠం చెప్పే టీచర్ని నేను మొదటిసారి చూశాను. ప్రపంచాన్నంతా కళ్ళతో బెదరగొట్టే మనిషి, రెండు జతల కళ్ళకి బెదిరిపోయాడు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో అనుమానాలు సర్దుకున్నాయనుకుంటే, ఆయనకి కొత్తవి మొదలయ్యాయి. నిదానం డ్రైవరుకి రిటైర్మెంటు దగ్గరపడింది. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనాల హాలులోనే అందరూ కలిసి వీడ్కోలు పెడుతున్నారు. ఆ రోజు నువ్వు గిటారు వాయించాలి అని ఆయన బావని అడిగాడు. బావ ఆ సాయంత్రం చెప్పులు విప్పకుండానే గదిలో పచార్లు చేశాడు.

"ఎందుకు అడిగుంటాడు?"

"ఇష్టం కాబట్టి" అంది అక్క.

"కాదు. దీని వెనక ఎవరో ఉన్నారు. మీసాలాయన ఉండుంటాడు."

మీసాలాయన ఒక కండక్టరు. ఒకసారి టికెట్టు కొట్టకుండా మనుషుల్ని ఎక్కించుకున్నాడని బావ రిపోర్టు రాస్తే సస్పెండ్ అయ్యి, మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చాడు. ఆ రోజు నుంచి బావ ఎదురొస్తే మీసం మీద చెయ్యి వేసుకుని పక్కకి చూస్తాడట. తనని నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చేయడానికి ఇదంతా ఆయన పన్నాగమని బావ నమ్మకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

"అలా అయితే రానని చెప్పేయండి, పీడ పోతుంది" అన్నాను నేను విసుగ్గా.

బావ పచార్లు ఆపాడు. "ఇన్నేళ్ళూ నా ఎదురుగా కూర్చుని తిన్నది ఆయనొక్కడే మరదలా. ఎప్పుడూ ఏదీ అడగలేదు. మొదటిసారి ఒకటి అడిగాడు. కాదని ఎలా చెప్పను? సరేనని మాత్రం ఎలా చెప్పను?" అన్నాడు. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. ఆయన చెయ్యి చూశాను. చొక్కా అంచు పట్టుకుని నలుపుతోంది, టికెట్టు లేనివాళ్ళు నలిపినట్టు.

ఉపాయం అక్క చెప్పింది. మంచం అవతల కుర్చీ వేసి, గోడవైపు తిరిగి వాయించమంది. మేం వెనకాల మా పని మేం చేసుకుంటూ ఉన్నాం, అక్క బట్టలు మడతపెడుతూ, నేను కాజాలు కుడుతూ. ఆయన వాయించాడు. అదొక చిన్న రాగం, ఎక్కి దిగి మళ్ళీ మొదటికొచ్చేది. మర్నాడు అక్క కుర్చీని గోడకి కాస్త వాలుగా తిప్పింది. ఆ మర్నాడు మరికాస్త. ఆయన కూర్చోబోయే ముందు కుర్చీ నిన్నటి చోటే ఉందా అని నేల మీద గీతలు వెతికేవాడు. అక్క ముందే తుడిచేసేది. అలా తిప్పుతూ తిప్పుతూ ఒకరోజు ఆయన మా ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఆ సంగతి ఆయనకి సగం రాగం అయ్యాక తెలిసింది. వెంటనే ఆగిపోయాడు. మోసం చేశారన్నాడు. అవును చేశామంది అక్క. ఆ రాత్రి అన్నం తిన్నాక ఎవరూ అడగకుండానే మా ఎదురుగా కూర్చుని మొత్తం వాయించాడు. పక్కింటావిడ గుమ్మంలో తొంగిచూస్తే మాత్రం గిటారు మంచం కిందకి తోసేశాడు. ఇద్దరి దాకా వచ్చింది, మూడో మనిషి దగ్గర ఆగింది. హాలులో వందమంది ఉంటారు.

ఆ మధ్యాహ్నం రానే వచ్చింది. అక్కా నేనూ కూడా వెళ్ళాం. బావ గిటారు పెట్టెతో హాలులో అడుగుపెట్టగానే గోల సగానికి తగ్గింది. ఒక కండక్టరు తన తోలు సంచి తీసి బల్ల కిందకి జరుపుకున్నాడు. "ఇవాళ కూడా తనిఖీయా? ఆ పెట్టెలో ఏముంది?" అని ఎవరో గుసగుసలాడడం నా చెవిన పడింది. ఆయనకి వాళ్ళ మీద అనుమానం, వాళ్ళకి ఆయన మీద అనుమానం. నిదానం మాత్రం ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో చల్లగా కూర్చుని ఉన్నాడు, పక్కన వాళ్ళమ్మాయి. ఆయనకి రెండు కుర్చీల అవతల మీసాలాయన, చేతులు రెండూ చంకల్లో దోపుకుని.

పెద్దవాళ్ళు మాట్లాడారు. శాలువా కప్పారు. ఆ తర్వాత నిదానం లేచి, "మా చెకింగ్ తమ్ముడు ఒక పాట వాయిస్తాడు. నేను అడిగాను" అని చెప్పి కూర్చున్నాడు. హాలంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. డేగ ఏంటి, పాటేంటి?

బావ ముందుకెళ్ళి కుర్చీని ఊపి చూసి కూర్చున్నాడు. లేచి మళ్ళీ ఊపి కూర్చున్నాడు. గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. తలెత్తి, అలవాటుగా చేతుల కోసం చూశాడు. ఎదురుగా మీసాలాయన చేతులు చంకల్లో ఉన్నాయి. ఆ మనిషి మనసులో ఏముందో చదవడానికి ఏమీ దొరకలేదు. అక్కడే బావ ఆగిపోయాడు. ఎడమ చేతి వేళ్ళు తీగల మీద పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. కుడి చెయ్యి గాల్లో నిలబడిపోయింది. నుదుటి మీద చెమట నాకు అంత దూరం నుంచీ కనిపించింది. ఎవరో దగ్గారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నా మణికట్టు పట్టుకుని బిగించింది. నాకు ఆయన మీద కోపమొచ్చింది, నవ్వినవాడి మీద కోపమొచ్చింది, అడిగినందుకు ఆ నిదానం మీద కూడా వచ్చింది. వాయించు బావా, తప్పో ఒప్పో వాయించు, అని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

అప్పుడు ఆయన కుడి చెయ్యి కదిలింది. తీగల మీదకి కాదు. ఏం చేయాలో తోచనప్పుడు చెయ్యి తనకి తెలిసిన పనే చేస్తుంది కాబోలు. గిటారు చెక్క మీద రెండు దెబ్బలు కొట్టింది.

టక్ టక్.

హాలులో ఉన్న చేతులన్నీ కదిలాయి. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కండక్టర్లు సంచుల్లోకి, డ్రైవర్లు చొక్కా జేబుల్లోకి, వాళ్ళ పెళ్ళాలు పర్సుల్లోకి చేతులు పెట్టేశారు. పక్కన అక్క, మేం వచ్చిన బస్సు టికెట్టు అప్పటికే తీసి చూపిస్తోంది. నేను నవ్వబోయి, నా చెయ్యి కూడా సంచిలో ఉందని చూసుకున్నాను. మీసాలాయన చేతులు చంకల్లోంచి బయటికొచ్చాయి. ఒక చెయ్యి టికెట్ల మిషను కోసం నడుము దగ్గర వెతుకుతోంది. ఆ నడుముకి ఆ పూట మిషనే లేదు.

ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికి వాళ్ళకి తెలిసింది. ఆ తర్వాత పేలింది నవ్వు. బల్లలు చరిచి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు.

బావ మొహం నల్లబడింది. చివరికి నవ్వనే నవ్వారు, నేను అనుకున్నదే అయింది అని ఆ మొహం మీద రాసి ఉంది. గిటారు పక్కన పెట్టి లేవబోయాడు. సరిగ్గా అప్పుడే ఆయన కళ్ళు నిదానం మీద పడ్డాయి. బస్సు నడిపేవాణ్ణి టికెట్టు అడిగిన చెకింగ్ ఆయన భూమ్మీద పుట్టలేదు. ఆ నిదానం, శాలువా కింద, ఒక జేబు అయ్యాక ఇంకో జేబు, తన పద్ధతిలో నిదానంగా ఇంకా వెతుక్కుంటున్నాడు. అందరూ నవ్వుతున్నారని కూడా గమనించలేదు. చొక్కా జేబు అయ్యింది, ప్యాంటు కుడి జేబు అయ్యింది, ఎడమ జేబులోకి వెళ్ళాడు.

బావకి నవ్వొచ్చేసింది. మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు ఊగాయి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకునేదాకా వెళ్ళింది. "కూర్చో అన్నా, నీకు అక్కర్లేదు" అన్నాడు. దాంతో హాలు మళ్ళీ గొల్లుమంది. ఈసారి వాళ్ళతోపాటు ఆయనా నవ్వాడు.

ఆ నవ్వు తగ్గకముందే వాయించడం మొదలుపెట్టాడు. గొప్పగా వాయించాడని నేను అబద్ధం చెప్పను. రాగం ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. దిగేచోట ఒక తీగ ఠప్‌మంది. బావ ఆగాడు, నాలుగు మెట్లు వెనక్కి వెళ్ళి, తప్పిపోయిన చోటు చూసుకుని మళ్ళీ ముందుకొచ్చాడు. కళ్ళు పైకెత్తే ఉన్నాయి. వరస వరసా చేతులు చూసుకుంటూ వాయిస్తున్నాడు. ఒకాయన మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఒకావిడ ఒళ్ళో పిల్లవాడి వీపు మీద తడుతోంది. మీసాలాయన చేతులు మళ్ళీ చంకల్లోకి పోలేదు. అక్క నా మణికట్టు వదిలిపెట్టిందని నేను చాలాసేపటికి గమనించాను. అక్కడ ఆమె గాజు అచ్చు పడి ఉంది. నేను ఏడ్చాను. ఎందుకో నన్నడగొద్దు.

టీలు ఇస్తున్నప్పుడు బావ నిదానాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను కప్పులు అందించే నెపంతో పక్కనే నిలబడ్డాను. ఆ ఇంట్లో ఇన్నేళ్ళున్నాక నాకు మాత్రం ఆ బుద్ధి అంటుకోకుండా ఉంటుందా?

"నిజం చెప్పు అన్నా. నన్నెందుకు అడిగావు? ఎవరు అడగమన్నారు?"

"ఎవరూ అనలేదు."

"ఊరికే ఎవరూ ఏదీ అడగరు."

"ఊరికే కాదులే" అన్నాడు నిదానం. టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. ఆయన మాట కోసం ఆగడం అందరికీ అలవాటే. "నేను రేపట్నుంచి రాను. నా కుర్చీ కూడా పక్క బల్లవాళ్ళు లాక్కుపోతారు. నీ ఎదురుగా కూర్చోవడానికి ఎవడో ఒకడు ఉండాలి కదా తమ్ముడూ. నిన్ను ఒక్కసారి బస్సులో కాకుండా చూస్తే ఎవడైనా కూర్చుంటాడని నా ఆశ. ఇంతకుమించి ఏం లేదు."

బావకి అనుమానించడానికి ఏమీ మిగలకుండా పోవడం నేను చూడడం అదే మొదలు. ఏం చేయాలో తెలియక నిదానం శాలువా మడత సరిచేశాడు. చాలాసేపు సరిచేశాడు.

మర్నాడు బావ డ్యూటీకి వెళ్ళాక అక్కకి పని మీద మనసు లేదు. నేను ఒకే జిప్పు రెండుసార్లు తిరగేసి కుట్టి విప్పాను. నిన్న నవ్వినవాళ్ళంతా ఇవాళ మళ్ళీ డేగ అంటారేమో. నవ్వు ఒక పూటదే, మంట ఏళ్ళనాటిది.

సాయంత్రం బావ వచ్చి చెప్పులు విప్పి, క్యారియర్ అక్క చేతికిచ్చాడు. అక్క మూత తీసి చూసింది. ఖాళీ.

"తిన్నారా?" అంది.

"తిన్నాను."

"ఒక్కరే తిన్నారా?"

బావ కుర్చీలో కూర్చుని, సరిచూసుకున్నట్టు మా ఇద్దరి చేతులూ చూశాడు. "హాలుకెళ్ళేసరికి నిదానం కుర్చీ లేదు. ఎవరో లాక్కుపోయారు. సరేలే అని క్యారియర్ విప్పుకున్నాను. ఇంతలో మీసాలాయన కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చాడు. ఒక్క మాట మాట్లాడలేదు. వేలు మడిచి బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాడు."

"మీరేం చేశారు?" అన్నాను నేను.

"ఏం చేస్తాను? జేబు తడుముకున్నాను" అన్నాడు బావ.